ఎందుకుగారి చేపముళ్లు

మా మేనమామ అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. పింగాణీ కప్పులు, సాసర్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన నాణ్యత చూసే సూపర్‌వైజరు. కప్పు పగిలినా, బండి ఆలస్యమైనా ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట ‘ఎందుకు?’ జవాబు చెబితే ఊరుకునే మనిషి కాదు. ఆ జవాబు మీద ఇంకో ‘ఎందుకు’ వేస్తాడు. అందుకని అందరూ కలిసి ఆయనకు ‘ఎందుకుగారు’ అని పేరు పెట్టారు. ముఖం మీదే అలా పిలుస్తారు. ఆయన పలుకుతాడు కూడా.

ఇంట్లో మాత్రం ఈ అలవాటు చెల్లదు. ఓసారి పొయ్యి మీద పాలు పొంగిపోతే, తుడవడం మానేసి, గిన్నె ముందు నిలబడి, “ఎందుకు పొంగాయంటావ్?” అన్నాడట. అత్తయ్య తడిగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. మీరు కేకేశారని హాల్లోకి వచ్చాను. ఎందుకు కేకేశారో మీ బొమ్మలో వేసుకోండి.”

ఆ బొమ్మ సంగతి చెప్పాలి. ఎప్పుడో ఒక శిక్షణ తరగతిలో నేర్చుకున్నాడు. కాగితానికి కుడివైపు చేప తలకాయ గీసి, వచ్చిన కష్టమేమిటో అందులో రాయాలి. తల నుంచి ఎడమకు ఒక వెన్నెముక, దానికి పైనా కిందా ఏటవాలుగా ముళ్లు. ఒక ముల్లు మనుషులకు, ఒకటి యంత్రాలకు, ఒకటి సరుకుకు, ఒకటి పని జరిగే పద్ధతికి, ఇంకొకటి చుట్టూ ఉండే గాలికీ వెలుతురుకూ చప్పుడుకూ. ఒక్కో ముల్లు దగ్గరా ఆగి, ‘ఈ కష్టానికి ఇక్కడేమైనా కారణం ఉందా?’ అని అడగాలి. దొరికినదాన్ని చిన్న ముల్లుగా గీయాలి. దాని కారణాన్ని ఇంకా చిన్న ముల్లుగా గీయాలి. గీయడానికి ఇక ఏమీ మిగలని చోట అసలు కారణం ఉంటుందని మామయ్య నమ్మకం. పాత క్యాలెండర్ల వెనకవైపంతా ఆయన చేపలే.

ఇందులో ఆయన సొంత పట్టుదల ఒకటుంది. మనుషుల ముల్లు మీద ఎవరి పేరూ రాయనివ్వడు. “ఫలానావాడు అజాగ్రత్త అని రాశావనుకో, బొమ్మ అక్కడితో చచ్చిపోతుంది. వాడెందుకు అజాగ్రత్తగా ఉన్నాడో ఇక ఎవరడుగుతారు?” అంటాడు.

ఆ పట్టుదలకు పరీక్ష పెద్దక్క రూపంలో వచ్చింది.

పెద్దక్క ఎవరికి అక్కో తెలియదు, ఫ్యాక్టరీలో అందరికీ పెద్దక్కే. బట్టీలో కాలి వచ్చిన ప్రతి కప్పూ ఆమె చేతిలోంచి వెళ్లాల్సిందే. ఎడమచేతి వేళ్ల కొసల మీద కప్పును బోర్లించి, కుడిచేత్తో చిన్న చెక్కపుల్ల పట్టుకుని అంచు మీద తడుతుంది. మంచి కప్పయితే చిన్న గంటలా పలుకుతుంది. కంటికి కనబడని పగులు ఎక్కడైనా ఉంటే ఆ పలుకు మధ్యలోనే మూగబోతుంది. పలికిన కప్పు అడుగున పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి పక్కన పెడుతుంది, పలకనిది కాళ్ల దగ్గరున్న గంపలో వేస్తుంది.

మామయ్య కుర్రతనంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె పక్కనే కూర్చోబెట్టారు. ఎంత విన్నా ఆయనకు అన్ని కప్పులూ ఒకేలా వినిపించాయి. చివరికి ఆమే తేల్చేసింది. “నీకు చెవులు కళ్లజోడు పెట్టుకోవడానికి ఇచ్చారు తమ్ముడూ. పోయి కాగితాల పని చూసుకో.” అలా ఆయన నాణ్యత విభాగంలోకి వచ్చాడు. ఆ మాట ఇప్పటికీ ఆయనే అందరికీ చెప్పి నవ్విస్తాడు.

ఆమె తమ్ముడి కుటుంబంతో ఉంటుంది. వాళ్లు బాగానే చూసుకుంటారు. కానీ సెలవంటే ఆమెకు భయం. “పగలు ఇంట్లో ఉంటే మా మరదలు ఇల్లు ఊడుస్తూ నన్ను కూడా కుర్చీ అనుకుని జరుపుతుంది,” అంటుంది. పని మానేసే మాట ఎవరైనా ఎత్తితే, ఆ పూట వాళ్లతో మాట్లాడదు.

ఒకరోజు మేనేజరు మామయ్యను పిలిచి, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఏదో హోటల్లో, టీ పోసిన కప్పు ఎత్తగానే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. కప్పు ఒళ్లో పడింది. కాలిన తొడకు కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చున్న అమ్మాయి ఫొటో అది. ఆ కప్పు ఈ ఫ్యాక్టరీదే. ఆరా తీస్తే పిడి ఊడిన కప్పులు ఇంకొన్ని తేలాయి.

“పెద్దక్క చెవులు మందగించాయని ప్యాకింగ్‌లో అనుకుంటున్నారు. నిజమేనా?” అని మేనేజరు అడిగాడు.

“నాకు తెలీదు సార్.”

“శనివారం మీటింగ్ పెడదాం. మీరు ఆ చేప బొమ్మ వెయ్యండి, కాదనను. కానీ ఆవిడ వినలేకపోవడమే కారణమైతే ఇంటికి పంపించి చిన్నవాళ్లని పెడదాం. గౌరవంగానే పంపుదాం. నాకు మళ్లీ ఇలాంటి ఫొటో రాకూడదు.”

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు.

మామయ్య వాపసు వచ్చిన కప్పుల్ని బల్ల మీద పరిచాడు. అన్నిటి పగులూ ఒకే చోట ఉంది. పిడి కప్పుకు అతుక్కునే చోట. వినేవాళ్లు పొరపాటుపడితే అన్ని రకాల పగుళ్లూ తప్పించుకుని పోవాలి కదా, అతుకు దగ్గరివే ఎందుకు పోతున్నాయి? క్యాలెండరు వెనక తలకాయ గీసి, ‘పిడి ఊడుతోంది’ అని రాశాడు. సరుకు ముల్లు దగ్గర మట్టి కలిపేవాళ్లను అడిగాడు. మట్టి మారలేదు. యంత్రాల ముల్లు దగ్గర బట్టీ వేడి చూశాడు. అదీ మారలేదు. ఇక కప్పులతో పాటు నడిచి చూద్దామని బట్టీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

కప్పుల బళ్లు తోసేవాణ్ని అందరూ బండన్న అంటారు. అతను బట్టీలోంచి వచ్చిన బండిని పక్కనే ఉన్న చిన్న గదిలోకి తోశాడు. మందపు గోడల పాత సామాన్ల గది అది. ఈమధ్య పెద్దక్క బల్ల అందులోనే ఉంటోంది. అంతకుముందు అది వరండాకు అవతలి కొసన, ప్యాకింగ్ హాల్లో ఉండేది. అట్టపెట్టెలకు చోటు చాలక మార్చామని చెబితే మామయ్య సరేనన్నాడు. ఆయన జీవితంలో ‘ఎందుకు’ అని రెట్టించకుండా వదిలేసినవి చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

బండి మీద కప్పును ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

“ఇంత వేడిగా ఉండగానే తడుతున్నావా అక్కా?”

“నువ్వూ నీ ప్రశ్నలూ. బట్టీలోంచి వచ్చింది వేడిగా కాక జలుబు చేసి వస్తుందా?” అని పెద్దక్క పుల్ల ఆపకుండానే అంది.

ఆమె ముగించాక బండన్న ఆ బండిని వరండాలోకి తోసుకుపోయాడు. ఒకవైపంతా తెరిచి ఉండే పొడుగాటి వరండా. అక్కడ గాలి ఈలవేసుకుంటూ కొడుతుంది. హాల్లోకి చేరేసరికి కప్పులు చల్లబడ్డాయి. అక్కడి ఆడవాళ్లు వాటిని కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దేస్తున్నారు.

మామయ్య ఒక పళ్లెం నిండా కప్పులు ఏరుకుని మళ్లీ పెద్దక్క గదికి వచ్చాడు. “వీటిని ఇంకోసారి తట్టి పెట్టక్కా.”

ఆమె తట్టింది. ఒకటి పలికింది. ఇంకొకటి పలికింది. ఆ తర్వాతిది ఠక్కుమని ఆగిపోయింది. “ఇది పోయింది,” అని గంపలో వెయ్యబోయింది. మామయ్య ఆ కప్పును తిప్పి చూపించాడు. అడుగున ఆమె పెట్టిన పెన్సిల్ చుక్క ఉంది.

ఆమె కప్పును చాలాసేపు చూసింది. “పొద్దున పలికింది ఇది. ఒట్టు. పలక్కపోతే నేను చుక్క పెట్టను.”

“పలికే ఉంటుంది. నేను కాదన్నానా?” మామయ్యకు గంతులు వెయ్యాలని ఉంది. “పొద్దున పలికింది, ఇప్పుడు పలకలేదు. మధ్యలో వరండా ఉంది. కప్పు పల్చన, అతుకు మందం. పల్చనిది గాలికి చప్పున చల్లారుతుంది, మందంగా ఉన్నది చల్లారదు. ఒకదాన్నొకటి లాక్కుని అతుకు దగ్గర చీరుకుంటోంది. నీ చెవి తప్పు కాదక్కా, నువ్వు విన్నాకే పగులుతున్నాయి!”

ఆయన సంతోషం ఆమె ముఖంలోకి రాలేదు. “అయితే ఇప్పుడేం చేస్తారు?” అని మాత్రం అడిగింది.

“ఏముంది, బల్లను మళ్లీ హాల్లోకి మార్చేస్తే సరి.”

పెద్దక్క చెక్కపుల్లను కొంగుతో తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

ఆ సాయంత్రం అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే మామయ్య ఇదంతా చెప్పాడు. అత్తయ్య విని, ఒక చొక్కా దులిపి, “ఇంతకీ ఆవిడ బల్ల ఎందుకు జరిపారట?” అంది.

“చెప్పాగా, పెట్టెలకి చోటు చాలక.”

“చోటు చాలకపోతే పెట్టెల్ని జరుపుతారు గానీ మనిషిని జరుపుతారా? అదీ అంత పెద్దావిణ్ని, బట్టీ పక్కకి?”

అత్తయ్య ఆ చొక్కా ఆయన ఒళ్లో వేసి, “మడతపెట్టండి. ఎందుకని అడక్కండి,” అంది.

శనివారం మీటింగుకు మేనేజరు, మామయ్య, పెద్దక్క, బండన్న, ప్యాకింగ్ ఆడవాళ్లలో ఇద్దరు వచ్చారు. తెల్లబోర్డు మీద మామయ్య చేపను ముందే గీసి పెట్టాడు. పద్ధతి ముల్లు దగ్గర నిలబడి ఒక్కో మెట్టూ చెప్పాడు. పిడి ఊడటానికి అతుకు పగులు, పగులుకు వరండా గాలి.

“ఆ వరండా నిన్నగాక మొన్న కట్టిందా? ఎప్పుడూ అదే దారి కదా,” అన్నాడు మేనేజరు.

“అదే దారి సార్. పగుళ్లు ఎప్పుడూ ఉండేవి. కానీ అప్పుడు పెద్దక్క బల్ల వరండా దాటాక ఉండేది. పగిలినవి ఆమె చేతిలో దొరికిపోయేవి. ఇప్పుడు వరండాకి ముందే ఉంది. ఆమె విన్నాక గాలి కొడుతోంది. ఆ తర్వాత వినేవాళ్లు లేరు.”

“అంటే ఆవిడ తప్పేం లేదా?”

“లేదు సార్. ఆమె పలికిందన్న ప్రతి కప్పూ అప్పటికి పలికిందే.”

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం తేటపడింది. “హమ్మయ్య. ఇంకేం, సోమవారం బల్ల హాల్లో పెట్టించెయ్యండి. అయిపోయింది.”

అయిపోయిందని అందరూ లేవబోయారు. మామయ్య చెయ్యి మాత్రం అలవాటు చొప్పున ఇంకో చిన్న ముల్లు గీసేసింది. దాని పక్కన ‘బల్ల ఎందుకు మార్చారు?’ అని రాసి వెనక్కి తిరిగాడు. బండన్న, “పెట్టెలకి చోటు చాలకండీ,” అన్నాడు, మరీ తొందరగా. ప్యాకింగ్ ఆడవాళ్లు బోర్డు వంక తప్ప అన్నివైపులా చూస్తున్నారు. ఒకావిడ గాజులు లెక్కపెట్టుకుంటోంది.

హాల్లో గోడంత ఫ్యాను ఉంది. కాగితం దుమ్మును బయటికి లాగే ఆ ఫ్యాను పొద్దస్తమానం గర్‌మంటూనే ఉంటుంది. బట్టీ పక్క గదిలో గోడలు మందం, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మామయ్యకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. బల్లను ఎవరు జరిపారో, ఎవరి కోసం జరిపారో, ఇంతమంది కలిసి దేన్ని దాస్తున్నారో. ఇంకొక్క ‘ఎందుకు’ అడిగితే పెద్దక్క ఇంట్లో కూర్చోవాలి.

ఆయన మార్కరుకు మూత పెట్టేశాడు. “అంతే సార్. చోటు చాలక.”

ఆయన ఆగిపోవడం అక్కడెవరూ అంతవరకు చూడలేదు.

“ఏం ఎందుకుగారూ,” అంది పెద్దక్క. ఆమె ఆయన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు. “ఆగిపోయావేం? అడుగు.”

“ఏం లేదక్కా.”

“ఉంది. నువ్వడగవు. వీళ్లు చెప్పరు. సోమవారం నన్ను ఆ ఫ్యాను పక్కన కూర్చోబెడతారు. అప్పుడు పలకని కప్పుకి కూడా నేను చుక్క పెడతాను. ఇంకో పిల్లకి కాలుతుంది.” ఆమె మేనేజరు వైపు తిరిగింది. “ఆ ఫ్యాను చప్పుడులో నాకు కప్పు పలకడం తెలియట్లేదు సార్. కుడి చెవి బాగా తగ్గింది. వీళ్లకి తెలుసు. చప్పుడు లేని చోటు కావాలని బల్ల మోసుకెళ్లి అక్కడ పెట్టారు. నా కోసం చేశారు. వేడి కప్పులు గాలికి పగులుతాయని వాళ్లకేం తెలుసు? నాకూ తోచలేదు.”

బండన్న తల వంచుకుని, “నేనే మోశానండీ,” అన్నాడు.

“నువ్వొక్కడివే మోశావా? ఓ పక్క పట్టుకుంది నేను కాదూ?” అంది గాజులావిడ. “నడుం పట్టేసి వారం రోజులు కుంటుతూ తిరిగాను!”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

మామయ్య మార్కరు మూత మళ్లీ తీశాడు. చాలా నెమ్మదిగా అడిగాడు. “నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెబితే ఇంటికి పంపించరూ?”

ఆయన బోర్డు వైపు తిరిగాడు. మనుషుల ముల్లు జోలికి పోలేదు. పద్ధతి ముల్లు మీద, గీసినవాటి చివర, అన్నిటికన్నా చిన్న ముల్లు గీసి ‘ఒంట్లో బాగోలేదని చెబితే పని పోతుంది’ అని రాశాడు.

“ఇదెక్కడి మాట? అలాంటి రూలు మనకెక్కడుంది?” అన్నాడు మేనేజరు.

“రాసి లేదు సార్,” అన్నాడు బండన్న. “కానీ అందరికీ తెలుసు.”

మేనేజరు ఆ చిన్న ముల్లును ఇంకోసారి చదివాడు. ఫొటో చూపించిన రోజు తను మామయ్యతో అన్న మాట ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. మామయ్య దాన్ని బయటపెట్టలేదు. మేనేజరే చెప్పాడు. “నేనూ అన్నాను. ఆవిడ చెవే కారణమైతే ఇంటికి పంపుదామని. ఆ అమ్మాయి ఫొటో చూసినప్పట్నుంచి నాకు ఎవరో ఒకరి పేరు కావాలి.” కాసేపు కణత రుద్దుకున్నాడు. “పెద్దక్కా, చప్పుడు లేని గదిలో, చల్లారిన కప్పయితే, మీరు నమ్మకంగా చెప్పగలరా?”

“ఇప్పటికైతే చెప్పగలను. ఎల్లకాలం చెప్పగలనని అనను.”

ఆమె ఆ మాట అలాగే అంది. బతిమాలలేదు, గొప్పలు పోలేదు. మామయ్య అత్తయ్యకు ఈ కథంతా చెప్పినప్పుడు ఆ ఒక్క మాట రెండుసార్లు చెప్పాడట.

ఆ తర్వాత జరిగింది గొప్ప అద్భుతమేమీ కాదు. చెవి డాక్టరు కుడి చెవి బాగా తగ్గిందనీ, ఎడమది పరవాలేదనీ, ఎన్నాళ్లు అలా ఉంటుందో చెప్పలేననీ అన్నాడు. బళ్లు ఇప్పుడు బట్టీ పక్కనే, గాలి తగలని చోట పూర్తిగా చల్లారేదాకా ఆగుతున్నాయి. వరండా దాటాక, హాలుకు ఇవతల ఒక మూలను గోడ కట్టి గది చేశారు. తలుపు వేస్తే ఫ్యాను వినిపించదు. పెద్దక్క బల్ల అక్కడికి చేరింది. ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు. గాజులావిడకు చెవి మంచిదని తేలడంతో ఆమెను అందులో కూర్చోబెట్టారు. పెద్దక్కకు అనుమానం వచ్చిన కప్పును ఆమె మళ్లీ తడుతుంది. మొదట్లో ఇద్దరూ చెరో మాటా చెప్పి దెబ్బలాడుకునేవారు. “గాజులు తీసి రా తల్లీ, కప్పు పలికిందో నీ చెయ్యి పలికిందో తెలిసి చావట్లేదు,” అని పెద్దక్క అరిస్తే తలుపు బయటికి కూడా వినిపించేది.

కొత్త గది చూడటానికి వచ్చినప్పుడు మేనేజరు, “వినిపించడం తగ్గిన రోజు మీరే చెప్పండి. పుల్ల పక్కన పెట్టి, నేర్పే పని చూద్దురుగాని. ఇంటికి మాత్రం పంపను,” అన్నాడు.

“చెబుతాను,” అంది పెద్దక్క. “కష్టమంతా మొదటిసారి చెప్పడంలోనే.”

మామయ్య ఆ మీటింగు బొమ్మను బోర్డు మీంచి చెరపనివ్వలేదు. కొన్నాళ్లకు ఎవరి చెయ్యో తగిలి తలకాయ అలికిపోయింది, ముళ్లు మిగిలాయి. వచ్చేపోయేవాళ్లు ఆ చివరి చిన్న ముల్లు దగ్గర కాస్త ఆగి చదివి వెళ్లేవారు.

ఒక మధ్యాహ్నం మామయ్య వరండాలో నడుస్తుంటే, ఎదురుగా వస్తున్న బండన్న బండి ఆపేశాడు. చుట్టూ చూశాడు. నిండు బండి, కప్పులు వరసలు వరసలుగా ఉన్నాయి.

“మీకో మాట చెప్పాలండీ. మొన్నట్నుంచి అనుకుంటున్నాను.”

“చెప్పు.”

“ఎడమ భుజం పైకి లేవట్లేదు. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేను. మలుపు దగ్గర బండి నాకు లొంగట్లేదు. గోడకి తగులుతోంది. అంచులు విరిగిన కప్పులొస్తున్నాయంటున్నారే, అవి...” అతను ఆగి, మామయ్య ముఖంలోకి చూసి, మళ్లీ బండి చక్రాల వంక చూశాడు.

మామయ్య చేతిలో ఉన్న కాగితాలను చొక్కా లోపలికి దోపుకున్నాడు. బండికి ఎడమవైపు వచ్చి, ఇనుప కడ్డీ పట్టుకున్నాడు.

“ఇటువైపు నేను తోస్తాను. నువ్వు దారి చూడు,” అన్నాడు. “మలుపు దాటాక ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్దాం. మాట నువ్వే మొదలుపెట్టు, పక్కన నేనుంటా.”

బండి కదిలింది. కప్పులు ఒకదానికొకటి తగిలి సన్నగా పలికాయి. మలుపు దగ్గర ఇద్దరూ నెమ్మదించి, గోడకు తగలకుండా తిప్పారు.